ఓడను పుచ్చుకున్న వంటమాస్టరు

ఓడకు ఏది వచ్చినా పుచ్చుకునేది వంటమాస్టరే. కూరగాయల బుట్టలు కావచ్చు, గ్యాసు బండలు కావచ్చు, ఇంజను గదికి గుడ్డపీలికల మూట కావచ్చు, పడవవాడు కింద నుంచి కేకేస్తే చాలు. ఆయన చేతిలో గరిటెతోనే బయటికొచ్చి, వల దింపి, సరుకు పైకి లాగి, చీటీ మీద "ముట్టింది" అని రాసి సంతకం పడేసేవాడు. చీటీలో ఏముందో చదివిన పాపాన పోలేదు. సరుకు కళ్లెదుట ఉండగా చీటీ చదివేవాడు గుమస్తా అవుతాడు గానీ వంటవాడు కాడని ఆయన సిద్ధాంతం. ఏళ్ల తరబడి ఆ సిద్ధాంతం ఆయనకు అన్నం పెట్టింది. చివరికి అదే కొంప ముంచింది.

ఆ రోజు పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఓడ లంగరు వేసి గట్టిగా ఒక పూట కూడా కాలేదు. కోర్టు అమీనా పడవలో వచ్చి, రొప్పుకుంటూ తాళ్ల నిచ్చెన ఎక్కి, కాగితం పట్టుకుని డెక్కు మీద నిలబడ్డాడు. కెప్టెన్ లోకం చూసినవాడు. అమీనా నడకను దూరం నుంచే గుర్తుపట్టి స్నానాల గదిలో దూరి గడియ వేసుకున్నాడు. లోపలి నుంచే కేకేశాడు.

"వంటమాస్టర్, ఏదో వచ్చినట్టుంది, చూడు."

వంటమాస్టరు వచ్చాడు. అమీనా ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీరు పుచ్చుకుంటారా?"

"నేను కాక ఇంకెవరు పుచ్చుకుంటారండీ ఇక్కడ?" అన్నాడు వంటమాస్టరు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. ఎడం చేత్తో గరిటె పట్టుకుని కుడి చేత్తో "ముట్టింది" అని రాసి సంతకం పెట్టాడు. సరుకు ఏదని అటూ ఇటూ చూశాడు. సరుకేమీ కనిపించలేదు. కనిపించకపోవడానికి కారణం, ఆయన దాని మీదే నిలబడి ఉన్నాడు.

ఓడలో నూనె పోసిన కంపెనీ, తన బాకీ తీర్చలేదని కోర్టుకెక్కింది. కోర్టు ఓడను జప్తు చేసింది. ఓడ అమ్ముడుపోయేదాకా దాన్ని బాధ్యత గల మనిషి ఎవరైనా పుచ్చుకుని, దాని మీదే ఉండి, కాపాడాలి. ఆ మనిషి దిగితే జైలు. బాధ్యత గల మనిషెవరో చట్టం చెప్పలేదు, సంతకం పెట్టినవాడని మాత్రం చెప్పింది. ఇక యజమానిని పట్టుకుందామంటే ఆ ఓడ జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశపువాడు, కంపెనీ అనేది మూడో దేశంలో ఒక తపాలా పెట్టె. కోర్టు రాసిన ఉత్తరాలన్నీ ఆ పెట్టె భద్రంగా పుచ్చుకునేది, అదీ వంటమాస్టరులాగే ఏదీ చదివేది కాదు.

నావికులు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు. అందరికంటే ముందు కెప్టెన్ సర్దుకున్నాడు. దిగేముందు వంటమాస్టరు భుజం తట్టి, "నువ్వు అదృష్టవంతుడివయ్యా. ఇది మీ ఊరే కదా," అన్నాడు.

అది నిజమే. ఆయన పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది ఈ రేవులోనే. లంగరు వేసిన చోటు నుంచి చూస్తే గోదాముల వెనక, కొండవాలు మీద, మూడో వరసలో ఆయన ఇల్లు కనిపిస్తుంది. డాబా కనిపిస్తుంది, నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది, గాలి లేని రోజున డాబా మీద మనిషి నిలబడితే ఆ మనిషి తన భార్యో పక్కింటావిడో కూడా తెలుస్తుంది. ఇన్నేళ్లు ఏ సముద్రాల మీద తిరిగినా ఇల్లు ఇంత దగ్గరగా ఎన్నడూ లేదు. ఇంత దూరంగానూ ఎన్నడూ లేదు.

ఓడలో ఇంజను ఆగిపోయింది, దీపాలు ఆరిపోయాయి. ఫోను ఛార్జి చేసుకోవాలంటే పడవవాడికిచ్చి పంపి, వాడు మళ్లీ తెచ్చిందాకా ఆగాలి. అందుకని భార్యాభర్తలిద్దరూ దుప్పట్ల ఏర్పాటు చేసుకున్నారు. డాబా మీద తెల్లదుప్పటి ఆరేస్తే అంతా బాగానే ఉందని. ఎర్రదుప్పటి ఆరేస్తే ఫోను తియ్యమని. ఎర్రదుప్పటి చూస్తే వంటమాస్టరు అడుగులో అడుగేసుకుంటూ ఫోను దగ్గరికి వెళ్లేవాడు. ఎందుకంటే ఆవిడ మొదలుపెట్టే మాట ఎప్పుడూ ఒకటే.

"ఎవరేది ఇస్తే అది పుచ్చుకోవడమేనా? చదవక్కర్లేదూ?"

"చేతిలో గరిటె ఉందే."

"గరిటె పక్కన పెట్టి చదవలేకపోయారా?"

"ఉల్లిపాయలు మాడిపోవూ?"

"ఇప్పుడు మాడినదేమిటి మరి?"

ఆయన నీళ్లు నమిలేవాడు. ఆవిడ ఇంకాసేపు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చివర్న గొంతు తగ్గించి, "తిన్నారా?" అని అడిగేది. పగలు పడవవాడి చేత క్యారియరు పంపేది. జీవితమంతా వండి పెట్టిన మనిషి ఇప్పుడు భార్య వండినది వలలో వేసి లాక్కుని తింటున్నాడు. ఉప్పు తక్కువైందని ఒక్కసారి అన్నాడు. మర్నాడు క్యారియరులో పై గిన్నె నిండా ఉత్త ఉప్పు వచ్చింది. మళ్లీ అనలేదు.

ఇదంతా నవ్వులాటగా సాగిపోయేదే, ఆవిడ కళ్ల సంగతి లేకపోతే. ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. ఆపరేషను చిన్నదే, కానీ తర్వాత కొన్ని వారాలు వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, పూటపూటకూ ఒకరు దగ్గరుండి చుక్కలు వెయ్యాలి అన్నాడు కళ్ల డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే చూపు నా చేతుల్లో ఉండదని కూడా అన్నాడు. ఇంట్లో ఉన్నది తమ్ముడు ఒక్కడు. పిల్లలు లేని ఆవిడ ఆ తమ్ముణ్ణే చంకనెత్తుకుని పెంచింది. వాడికి ఇంకొకరి కంట్లో నలుసు కనిపిస్తే కళ్లు తిరుగుతాయి. చుక్కల సీసా పట్టుకుని అక్క తల మీదికి వంగి, అక్క ఒళ్లోనే పడిపోయాడు ఒకసారి, అదీ సాధన కోసం ఉత్త నీళ్లు వేస్తుంటే.

"వాడి చేతికి కళ్లు అప్పగించను. మీరొచ్చాకే," అనేది ఆవిడ.

"నేనెప్పుడొస్తానో కోర్టుకే తెలీదే."

"అయితే అప్పుడే చేయించుకుంటా."

వంటమాస్టరుకు అరికాలి మంట నెత్తికెక్కేది. డాబా మీద ఆవిడ దుప్పటి ఆరేస్తున్నప్పుడు తీగను చేత్తో తడుముకోవడం ఓడ మీదికి కనిపించేది. అంత దూరం నుంచి ఆయనకు తీగ కనిపిస్తోంది, తీగ పక్కనే ఉన్న ఆవిడకు కనిపించడం లేదు. రెయిలింగు పట్టుకుని ఆ కాసేపూ నిలబడి, తనను తాను తిట్టుకుని, వెళ్లి ఎవరూ తినని గిన్నెలు మళ్లీ తోముకునేవాడు.

అయితే ఆశ లేకపోలేదు. ఆ ఆశ పేరు సంస్కరణ. సముద్ర చట్టాలన్నీ పాతబడ్డాయని, కొత్త కాలపు ఓడలకు తగ్గట్టు తిరగరాయాలని ప్రభుత్వం ఒక సంఘం వేసింది. ఆ సంఘంలో స్టెనోగా కూర్చున్నది ఆ తమ్ముడే, అంటే వంటమాస్టరు స్వయానా బావమరిదే. ఆ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి వాడి మాటతీరే మారిపోయింది. అన్నం కావాలంటే కూడా ఉపసెక్షనుతో సహా అడుగుతున్నాడని అక్క విసుక్కునేది. ఆదివారం డాబా ఎక్కి, ఓడకేసి చూస్తూ, ఫోనులో బావకు సంఘం కబుర్లు చెప్పేవాడు.

పాత చట్టం తెరచాపల నాటిది. నావికుడు పొగాకు నమిలితే ఎన్ని దెబ్బలు కొట్టాలో, తెరచాప చిరిగితే దర్జీ కూలి ఎవరివ్వాలో, వంటవాడు మంచినీళ్ల పీపాకు మూత పెట్టకపోతే వాడికి ఎన్ని పూటలు తిండి మాన్పించాలో అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి. యంత్రాలతో నడిచే ఓడల ప్రస్తావన చిట్టచివర ఒకచోట ఉంది, అలాంటివి వస్తే అప్పుడు చూద్దామన్నట్టు. ఇప్పుడేమో మనిషే లేకుండా నడిచే ఓడలొస్తున్నాయి. గట్టు మీద కూర్చుని మీట నొక్కితే సముద్రం దాటుతాయట. దొంగలు కత్తులతో కాక కంప్యూటరుతో ఎక్కుతారట. అలాంటి దొంగను ఏ కొయ్యకు కట్టాలో పాత చట్టంలో లేదు.

"ఎంతదాకా వచ్చిందిరా?" అని అడిగాడు వంటమాస్టరు ఒక ఆదివారం.

"చాలా దూరం వచ్చాం బావా. ఓడ అంటే ఏమిటో తేలిపోయింది."

"ఏమిటి?"

"నీళ్ల మీద ఉండేది. మనుషులున్నా సరే, లేకపోయినా సరే."

"మరి ఉన్నవాళ్లు దిగొచ్చా?"

"అది తర్వాతి అధ్యాయం బావా. ముందు నీళ్లు అంటే ఏమిటో తేలాలి."

వంటమాస్టరు ఫోను చెవి దగ్గర నుంచి తీసి కాసేపు దాని మొహం చూశాడు. మళ్లీ చెవికి పెట్టుకుని, "తొందరేం లేదురా. నేను ఎక్కడికీ పోను," అన్నాడు.

నీళ్లంటే ఏమిటో తేల్చుకునే దగ్గర సంఘంలో ఒక ప్రొఫెసరుకు అనుమానం వచ్చింది. మనలో ఎవరైనా అసలు ఓడ ఎక్కారా అని. ఎవరూ ఎక్కలేదు. ఓడల యజమానుల తరఫున సంఘంలో కూర్చున్న మనిషి తనకు ఓడలున్నాయి గానీ ఎక్కే అలవాటు లేదన్నాడు. అందుకని ఒక ఓడను చూసి రావాలని తీర్మానించారు. కదలనిది, దగ్గరలో ఉన్నది, భోజనం దొరికేది అయితే మంచిదన్నారు. అలాంటిది ఒకటుందని బావమరిది చెప్పాడు. జీవితంలో వాడు చేసిన ఒకే ఒక సాహసం అది.

వాళ్లు వస్తున్నారని తెలిసి వంటమాస్టరు డెక్కంతా కడిగాడు. గడ్డం గీసుకున్నాడు. ఏం చెప్పాలో గరిటెకు వినిపించి సాధన చేశాడు. మా ఆవిడ కళ్లండీ, నేను దిగాలండీ, ఇంతే చెప్పాలి, నీళ్లు నమలకూడదు అనుకున్నాడు.

సంఘం పెద్ద రిటైరైన జడ్జిగారు. తెల్లటి మనిషి, తియ్యటి మాట. ఆయనకు మోకాళ్ల నొప్పులు, తాళ్ల నిచ్చెన ఎక్కలేరు. పడవవాడు బుర్ర గోక్కుని, కూరగాయల వలలో కుర్చీ వేసి, కుర్చీలో జడ్జిగారిని కూర్చోబెట్టి, అలవాటుగా పైకి కేకేశాడు, "సరుకొచ్చింది" అని. వంటమాస్టరు అలవాటుగా లాగాడు. జడ్జిగారు డెక్కు మీద దిగగానే, ఆయన ఒళ్లో ఉన్న కూరగాయల చీటీ మీద అలవాటుగా "ముట్టింది" అని రాసి సంతకం పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. జడ్జిగారైతే సంతకం ఎక్కడ పెట్టాలో ముందే వేలు పెట్టి చూపించారు కూడా.

భోజనాలు బాగా జరిగాయి. చేపలకూర రెండోసారి వడ్డించుకున్నాక జడ్జిగారు చేయి కడుక్కుని, "నీకేమైనా ఇబ్బంది ఉందా నాయనా?" అని అడిగారు.

అందరూ వంటమాస్టరుకేసి చూశారు. బావమరిది పెన్సిలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వంటమాస్టరు నోరు తెరిచాడు. సాధన చేసినదంతా గంగలో కలిసింది.

"కుళాయి కారుతోందండి," అన్నాడు. తర్వాత, "నేను దిగాలండి," అన్నాడు.

"దిగొద్దన్నదెవరు?"

"కోర్టండి." కాగితం తెచ్చి చూపించాడు.

జడ్జిగారు అద్దాలు పెట్టుకుని చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. 'ఓడ ఎన్నడూ అనాథ కారాదు' అన్న చోటికి వచ్చాక ఇంక ఆపుకోలేకపోయారు.

"ఇది నా తీర్పే. ఈ వాక్యం నాదే. ఇప్పటికీ పుస్తకాల్లో పాఠం చెబుతారు. అది రాసినప్పుడు నా కళ్లు చెమర్చాయి నాయనా."

"నాకూ రోజూ చెమరుస్తున్నాయండి," అన్నాడు వంటమాస్టరు.

జడ్జిగారు ఆయన చేయి పట్టుకున్నారు. తన వాక్యం ఇంత లోతుగా తగిలిన మనిషిని ఆయన ఇదే చూడటం. భార్య కళ్ల సంగతి అప్పుడు చెప్పాడు వంటమాస్టరు, ముక్కలుముక్కలుగా, ఆపరేషను ముందూ శుక్లాలు వెనకా చేసి. జడ్జిగారు అంతా విన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. తిరిగి వలలో కూర్చునే ముందు, "చూద్దాం. ఏదో ఒకటి చేద్దాం," అన్నారు. ఆ మాట మీద వంటమాస్టరు వారాలు వారాలు బతికాడు.

నిజంగానే చేశారు. వాక్యం తీసేయడానికి జడ్జిగారికి చేతులు రాలేదు, మనిషిని ఓడ మీద ఉంచడానికి మనసొప్పలేదు. రెంటికీ మధ్య దారి ప్రొఫెసరు కనిపెట్టాడు. మనిషి లేకుండా ఓడ నడుస్తుందని ఒప్పుకున్నాం కదా, మనిషి లేకుండా ఓడ ఆగి ఉండలేదా అన్నాడు. జప్తయిన ఓడ మీద కెమెరా పెట్టాలి. గట్టు మీద ఒక కాపలాదారు ఇంట్లో కూర్చుని తెర ముందు ఓడను కాయాలి. ఓడ అనాథా కాదు, మనిషి ఖైదీ కాడు. ఈ సెక్షను టైపు చేస్తూ బావమరిది ఏడ్చాడట. చట్టం పాసయింది. మానవత్వం గల చట్టమని పత్రికలు రాశాయి. ఆ ఆదివారం డాబా మీద తెల్లదుప్పట్లు ఇంట్లో ఉన్నవన్నీ ఎగిరాయి. వంటమాస్టరు పెట్టె సర్దుకున్నాడు. తన కత్తుల్ని గుడ్డలో చుట్టుకున్నాడు.

ఆ పెట్టె సర్దినట్టే ఉండిపోయింది. కారణం, చట్టానికి చివర్న చేర్చిన చిన్న షరతులు. గట్టు మీది కాపలాదారు ఓడ కంటికి కనిపించే చోట కాపురం ఉండాలి. తెర ముందు నుంచి కదలకూడదు, ఊరు దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఓడ నుంచి జీతం రావలసిన మనిషి గట్టు మీది కాపలాకు పనికిరాడు. ఇది యజమానుల తరఫు మనిషి పట్టుబట్టి చేర్పించినది. బాకీ ఉన్నవాడి చేతికి మీటలిస్తే ఓడను ఎత్తుకుపోడని నమ్మకమేమిటని అడిగాడు. కొత్త కాలపు ప్రమాదాలంటే ఇవే కదా అని మిగతావాళ్లు తలలూపారు. వంటమాస్టరు ఓడలో మీట నొక్కితే వెలిగేది టార్చిలైటు ఒక్కటే.

"అంటే ఓడ మీద ఉండి ఓడను కాయడానికి పనికొస్తాను. ఇంట్లో ఉండి కాయడానికి పనికిరాను," అన్నాడు వంటమాస్టరు.

"బయటి మనిషి ఎవరైనా సంతకం పెడితే చాలు బావా. కోర్టు ప్రకటన కూడా వేసింది."

"ఎవరైనా వచ్చారా?"

ఓడ అమ్ముడయ్యేదాకా, అది ఎప్పుడో తెలియకుండా, ఇంట్లో కూర్చుని ఖాళీ ఓడను చూస్తానని ఏ బుద్ధున్నవాడు ముందుకొస్తాడు? నువ్వే పెట్టరాదూ అని అడగబోయి వంటమాస్టరు ఆగిపోయాడు. వాడు సంఘం ఉద్యోగి, కుదరదు. పైగా ఆ మాట ఎక్కడ అడుగుతాడోనని వాడు అప్పటికే తుమ్మడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత డాబా మీద తీగ ఖాళీగా ఉండిపోయింది. తెల్లదీ లేదు, ఎర్రదీ లేదు. క్యారియరు వస్తోంది, కబురు లేదు. ఆవిడకు దుప్పటి ఆరేయడానికి కూడా చూపు ఆనడం లేదేమోనని ఆయన భయపడ్డాడు. ఓడ మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. దూకి ఈదుకుంటూ పోదామని కూడా అనుకున్నాడు. వంటమాస్టరుకు ఈత రాదు.

ఒక పొద్దున పడవవాడి కేక వినిపించింది.

"సరుకొచ్చింది."

క్యారియరు అనుకుని వల దింపాడు. లాగితే బరువుగా వచ్చింది. జడ్జిగారంత బరువు లేదు, అయినా క్యారియరు కాదు. వల రెయిలింగు దాటాక చూస్తే, కుర్చీలో, ఒళ్లో చేతిసంచితో, కళ్లు గట్టిగా మూసుకుని ఆయన భార్య కూర్చుని ఉంది. వెనకాలే నిచ్చెన మీద అమీనా రొప్పుతున్నాడు, వాడి వీపుకు ఒక అట్టపెట్టె కట్టి ఉంది. అమీనా వెనక బావమరిది, కిందికి చూడకుండా ఎక్కుతున్నాడు.

వంటమాస్టరు కుర్చీని మెల్లగా డెక్కు మీదికి దించాడు. ఓడల గురించి ఆవిడకు ఎన్ని కబుర్లు చెప్పాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఓడ ఎక్కించలేదు. ఎక్కించింది ఈ తుప్పు డొక్కు మీదికా అని సిగ్గేసింది.

ఆవిడ కళ్లు తెరిచి చుట్టూ చూసింది. చూడటమంటే వెలుతురున్న వైపు మొహం తిప్పడమే.

"మీ వంటగది ఏదీ?"

తీసుకెళ్లాడు. ఆవిడ పొయ్యి మీద చేయి వేసి చూసింది, గట్టు తడిమింది, కారుతున్న కుళాయి కింద వేలు పెట్టింది. "శుభ్రంగానే ఉంచుకున్నారు," అంది. బయటికొచ్చి అమీనాతో, "ఆ కాగితం ఇటివ్వండి బాబూ," అంది.

అప్పుడు అర్థమైంది వంటమాస్టరుకు.

"వద్దు. నీకేమైనా పిచ్చా? ఇది ఎన్నాళ్లో తెలీదు. ఊరు దాటనివ్వరు. ఇంట్లోంచి కదలనివ్వరు."

"నేనెప్పుడు కదిలాను?"

ఆయన కాగితానికి చేయి అడ్డం పెట్టాడు.

"మీరు సముద్రాలు తిరిగినన్నాళ్లూ ఆ ఇంట్లో కూర్చుని ఈ నీళ్లకేసి చూసింది ఎవరు? అప్పుడు ఏ చట్టం చెప్పింది? ఇప్పుడు కొత్తగా కోర్టు కాగితమిచ్చి చేయించేదేముంది ఇందులో?" ఆవిడ గొంతులో కోపం లేదు. రోజూ ఫోనులో పోరే మనిషి ఇంత మెల్లగా మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. అందుకే భయమేసింది.

బావమరిది ముందుకొచ్చాడు. "చదివి వినిపించనా అక్కా? మొత్తం పద్నాలుగు షరతులు..."

"వద్దురా. వింటే సంతకం పెట్టబుద్ధి కాదు."

"చదవకుండా పెడతావా?" అన్నాడు వంటమాస్టరు. ఆ మాట తన నోట వచ్చినందుకు తనకే వింతగా అనిపించింది.

"మీ దగ్గర నేర్చుకున్నదే," అంది ఆవిడ. "ఎక్కడ పెట్టాలో కనిపించడం లేదు, వేలు పట్టుకుని చూపించండి."

ఆయన వేలు పట్టుకున్నాడు. ఆవిడ సంతకం పెట్టి, ఆ పక్కన ఏదో రాయాలట కదా అని అడిగింది. ఆయనే చెప్పాడు. "ముట్టింది" అని రాసింది, వంకరగా, గీత దాటి. అంతే, ఓడ ఆవిడదైపోయింది. వంటమాస్టరు రెయిలింగు పట్టుకుని, నలుగురూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాడు. అమీనా మర్యాదస్తుడు, వెనక్కి తిరిగి అట్టపెట్టెలోని కెమెరా తీసి బిగించుకున్నాడు.

తెర ఇంటికి రాకముందే ఆపరేషను మొదట ఒక కంటికి చేశారు. ఆ కంటికి కట్టు, రెండో కంటికి ఎటూ చూపు ఆనదు. అలాగే ఆవిడ ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. ఎదురుగా బల్ల మీద తెర, తెర మీద ఓడ. చట్టప్రకారం ఆవిడ దాన్ని కాస్తోంది. మూడో రోజునే అమీనా తనిఖీకి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. కట్టు చూశాడు, తెర చూశాడు, మళ్లీ కట్టు చూశాడు. సంచిలోంచి చట్టం తీసి పేజీలు తిప్పాడు. కాపలాదారు తెర ముందు కూర్చోవాలని ఉంది, కదలకూడదని ఉంది. కళ్లు కనిపించాలని ఎక్కడా లేదు. సంఘంలో అంతమంది పెద్దవాళ్లు, ఎవరికీ తట్టలేదు.

"కాస్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

"కాస్తున్నా బాబూ," అంది ఆవిడ, తెరకు కొంచెం పక్కగా ఉన్న గోడకేసి చూస్తూ.

అమీనా కాస్తున్నారని రాసుకుని, వంటమాస్టరు ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. ఓడ ఇంకా అమ్ముడుపోలేదు. కొనేవాళ్లు వస్తారని కోర్టు ఎదురుచూస్తోంది, తపాలా పెట్టె ఉత్తరాలు పుచ్చుకుంటూనే ఉంది. ప్రొఫెసరు ఈ ఇంటిని కొత్త చట్టం విజయానికి ఉదాహరణగా ఏదో సభలో చెప్పాడని బావమరిది మురిసిపోతూ వచ్చి చెప్పాడు.

వంటమాస్టరు చేతులు కడుక్కుని చుక్కల సీసా తెచ్చాడు. కట్టు మెల్లగా విప్పి, రెప్ప పైకెత్తి, వంటలో ఏదీ కొలవని మనిషి లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్క చుక్కే వేశాడు. బావమరిది అప్పటికే వీధిలోకి పోయి నిలబడ్డాడు. మళ్లీ కట్టు కడుతుంటే ఆవిడ అడిగింది.

"ఓడ ఎలా ఉందండీ?"

ఆయన తెరకేసి చూశాడు. డెక్కు మీద ఎండ పడుతోంది. దిగే హడావిడిలో మర్చిపోయిన తువ్వాలు రెయిలింగు మీద ఇంకా వేలాడుతోంది. ఇల్లు కనిపించేది సరిగ్గా అక్కడ నిలబడితేనే.

"అలాగే ఉంది."

"దాని మీద ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"ఆఁ," అంది ఆవిడ కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఇన్నాళ్లకు సరిగ్గా కనిపిస్తోంది నాకు."